సొరంగంలో దీపాలు

డెక్కు కింద, ఎడమ పక్కన, ముక్కు నుంచి తోక దాకా
ఓడంత పొడుగు సొరంగం. నలభై రెండు బల్బులు.
"ఇక్కడ నిలబడు. చివరి దీపాన్ని చూడు,"
అన్నాడు ఆర్వో నిస్కలా.
డులూత్ రేవులో ఇనుప ఖనిజం గుళికలు నింపుకొని
సుపీరియర్ సరస్సు మీదికొచ్చి మూడు గంటలు.
ఉద్యోగంలో నాకది రెండో రోజు.

చూశాను. చివరి దీపం మునిగింది.
దాని ముందుది, ఆ ముందుది.
మళ్ళీ ఒక్కొక్కటే పైకి తేలాయి
ఈత నేర్చుకునే పిల్లల తలల్లా.
ఒకటి, రెండు, మూడు అనేలోపు ఒక మునక.
వంగుతున్నది నేలేనని తెలిసేసరికి
నా చెయ్యి గోడవార పైపును పట్టుకుని ఉంది.
పైపూ వంగుతోంది.

"వెయ్యడుగుల ఇనుము, వంగుతుందా?"
"వంగుతుంది కాబట్టే వెయ్యడుగులు."
అంతే. ఫిన్లాండు నుంచి వచ్చిన వాళ్ళ తాతలు
పెట్టెల్లో మాటలు పెద్దగా తెచ్చుకోలేదు.

పైకొచ్చి చూస్తే తుఫానేమీ లేదు.
నవంబరు ఎండ, పలచన మజ్జిగలా.
ఎదురొచ్చే అలలు నడుమెత్తు, అంతకు మించవు.
పెద్ద అలైతే ఓడ ఎక్కి దిగుతుందట, కొండదారిలో బండిలా.
ఈ పొట్టివే
ఓడ లోపల దాగిన ఊపును వెతికి పట్టుకుంటాయట.
సమయానికి తట్టడం తెలిస్తే బలంతో పనేముంది,
ఉయ్యాల తోసే పిల్లకి బలమెంత?

వంటగదిలో డెల్ఫీన్ కడాట్ కప్పులు
కొక్కేలకి వేలాడుతూ ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి.
"మా నాన్న రోజుల్లో రివెట్లు ఊడి
తుపాకీ గుళ్ళలా ఎగిరేవి," అంది ఉల్లిపాయలు తరుగుతూ.
కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలకే.

సొరంగం గోడ మీద ఆర్వో సుద్దముక్కతో గీసిన గీతలు రెండు:
ముందునుంచి పావువంతు దగ్గరొకటి,
వెనకనుంచి పావువంతు దగ్గరొకటి.
ఓడంతా లేచి పడుతున్నా
ఈ రెండు చోట్లా లేవదు, పడదు.
"అయితే పడుకోవాల్సింది ఇక్కడే," అన్నాను.
అతను ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసి గీత కింద పెట్టాడు.
మూత లేవలేదు, నిజమే.
నీళ్ళు మాత్రం ఇటు వాలాయి, అటు వాలాయి,
నా బూటు మీదికి ఒలికాయి.
"లేవని చోటు వాలుతుంది.
నడిమధ్య వాలదు. వెన్ను విరిగేలా వంగేది అక్కడే."
"మరి నువ్వెక్కడ పడుకుంటావు?"
"అలిసిపోయిన చోట."

నాలుగింటికి కెప్టెన్ బ్యోర్క్‌మన్ వేగం కాస్త తగ్గించాడు,
ముక్కును కాస్త ఉత్తరానికి తిప్పాడు.
అలలు అవే. తాళం తప్పాయి.
కప్పులు ఒక్కొక్కటే నోళ్ళు మూసుకున్నాయి.
ఆ నిశ్శబ్దానికి డెల్ఫీన్ ఉలిక్కిపడి
చేతిలో కత్తితో తలుపు దాకా వచ్చింది.

పొద్దున పదినుంచి నాలుగుదాకా
ఏడు వేల రెండొందల వంపులని
డెక్కు మధ్య అతికించిన కొలత పెట్టె చెప్పింది.
మేట్ ఆ అంకె పుస్తకంలో రాసుకున్నాడు.
ఇనుమూ రాసుకుంటుందట, తన పద్ధతిలో, ఒక్కటీ వదలకుండా.
ఎప్పుడో, ఏ మూల వెల్డింగు దగ్గరో,
వెంట్రుకంత పగులుగా పైకి చదువుతుందట.

రాత్రి ఒక్కణ్ణే సొరంగంలోకి దిగాను.
నలభై రెండూ ఒకే వరసలో, తాడు లాగి కట్టినట్టు.
చాలాసేపు నిలబడ్డాను.
చివరిది కొంచెం మునిగిందనిపించింది.
నా ఊపిరే అయుంటుంది.