సోమవారం మూటలు

ఈ పేటలో మంచి ఇండియన్ హోటల్ ఏదని
పక్కింట్లో కొత్తగా దిగిన హెస్టర్ అడిగింది,
కంచె మీదుగా, తడి చేతులతో.
నేను వాటిల్లో ఒక్కదాంట్లోనూ బల్ల ముందు కూచోలేదన్నాను.
అయినా చెప్పగలనన్నాను.

పంతొమ్మిదేళ్లుగా లాండ్రీ వ్యాను నాది.
సోమవారం పొద్దున్నే, బర్మింగ్‌హామ్ దక్షిణపు శివారులో
ముందు తలుపులింకా గుర్రు పెడుతుండగా
వెనక సందుల్లోంచి
టేబుల్ గుడ్డల మూటలెత్తుకొస్తాను.
బోర్డుల మీద ఏముందో నాకు పట్టదు.
నేను చదివేది మరకలు.

మలుపు దగ్గర మయూర్ ప్యాలెస్ చూశావు కదా,
వాకిట్లో రెండు ప్లాస్టరు ఏనుగులు,
ఒకదానికి తొండం విరిగి తీగ కనిపిస్తుంటుంది.
దాని గుడ్డలు పెళ్లివారిలా ఎర్రెర్రగా వస్తాయి.
గోరువెచ్చని నీళ్లలో ఒక్క ముంచు,
ఎరుపంతా మోరీలో కలిసిపోతుంది.
డబ్బాలోంచి వచ్చిన రంగు
గుడ్డనైనా పట్టుకుని ఉండదు,
ఇక నాలుకనేం పట్టుకుంటుంది?

స్టేషన్ పక్కన సిల్వర్ తబలా.
అక్కడి గుడ్డలు మడత నలగకుండా తిరిగొస్తాయి.
మొదట్లో సంబరపడ్డాను, సబ్బు ఆదా అని.
తర్వాత అనుమానమొచ్చింది.
ఇంత ఒద్దికగా తిన్నవాళ్లు
ఆకలితో తిన్నట్టేనా?
మంచి పులుసు చొక్కా అంచుని
ఊరికే వదిలిపెడుతుందా?

పసుపు మరక వేరు.
అది మొండిఘటం.
సబ్బు తగిలితే ఎర్రబడి తిరగబడుతుంది,
మరిగే నీళ్లకు బెదరదు,
మా ఫ్యాక్టరీ మందులన్నీ దానికి మంచినీళ్లు.
ఎండ ఒక్కటే దాని మొగుడు.
ఈ ఊళ్లో ఎండెక్కడిది?
జూన్‌లో దొరికిన రెండు పూటలూ
మా పెరటి తీగ నిండా ముకిత్ మియా గుడ్డలే.
అవేమిటని నువ్వే అడిగావు మొన్న,
దుప్పట్లనుకుని.

చేపల కొట్టు మీద మేడ, పదమూడు బల్లలు.
బోర్డు మీద ఇండియన్ అనే ఉంటుంది.
మనిషిది సిల్హెట్.
ఇండియా ఎలా ఉంటుందయ్యా అంటే
విమానం కిటికీలోంచి చూశానండీ,
మబ్బు పట్టి ఉంది, అన్నాడు.

ఓ ఫిబ్రవరిలో మంచు పడి
వ్యాను ఆ సందులోనే కూలబడింది.
మూటతో పాటు నన్నూ లోపలికి లాక్కెళ్లాడు.
పనివాళ్లు తినే వేళ, నాలుగు గంటలు.
బోర్లించిన నూనె డబ్బా మీద కూచున్నాను.
పెట్టింది మెనూలో లేని చేపల పులుసు.
అందులో ఏదో కాయ తొక్కతో సహా వేశారు,
సాత్‌కొరా అట, నిమ్మకి పెద్దన్న,
మొదట చేదు, ఆపైన
చెవుల వెనక చెమట,
ఆపైన ఇంకో గరిటె అన్నం.
ఎవరూ మాట్లాడలేదు.
గిన్నెలు కడిగే కుర్రాడు మాత్రం
ముల్లు ఎలా తీయాలో వేళ్లతో చూపించాడు.

నా తెల్లకోటు మీద ఒక చుక్క పడింది.
ముకిత్ మియా కంగారుగా ఉప్పు తెచ్చి చల్లబోయాడు.
నవ్వాను, ఎవరికి చెబుతున్నావయ్యా అని.
ఆ కోటు ఇంకా ఉంది.
చుక్కా ఉంది.

కాబట్టి హెస్టర్,
మెట్లెక్కి వెళ్లు. కిటికీ పక్క బల్ల వద్దు, గాలి కొడుతుంది.
మెనూ ముట్టుకోకు.
నాలుగింటికి మీరేం తిన్నారు, మిగిలిందా, అని అడుగు.
త్వరగా వెళ్లు మరి.
గుడ్డల ఖర్చు గిట్టడం లేదట,
వచ్చే నెల నుంచి కాయితం పరుస్తాడట.
అలవాటుగా అటు తిరుగుతుందేమో నా వ్యాను,
మూట లేకపోయినా.

ఇంకో మాట.
గ్లెనిస్ పంపిందని మాత్రం చెప్పకు.
చెబితే డబ్బులు పుచ్చుకోడు.