ఒంటిరెక్క

నారేపి కాయకు ఒకటే రెక్క.
కొసన గింజ, మిగతాదంతా ఎండు కాగితం.
పక్షి కావాలనుకుని సగంలో మానుకున్నట్టు.
వైశాఖం చివర, కంబదూరు గుట్టమీద
పడమటి గాలి లేచినప్పుడు
చెట్టు తన మూటంతా ఒకేసారి విదిలిస్తుంది,
మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి.
మిగతా ఏళ్లు ఊరకుంటుంది.

అవి ఎంత దూరం పోయాయో కొలవడం నా పని.
చేతిలో టేపు, సంచిలో సున్నం,
నాలుగు మేకులకు చుట్టిన నైలాను దారం.
దారం లోపలివి మొక్కలు,
బయటివి లేనట్టే.

దారి చూపడానికి వచ్చిన మేకల మారెక్క
టేపును చూసి నవ్వింది.
"చెట్టు నడుస్తాదా సామీ?"
నడుస్తుందన్నాను.
వానలు జరిగిపోతే
వాటి వెనకే పోవాలి కదా, మందలాగా.
"ఎంత నడిచింది?"
తల్లిచెట్టు మొదలు నుంచి నలభై రెండు మీటర్లు.
"ఎన్నాళ్లకు?"
అరవై ఏళ్లకు.
ఆమె మంద వైపు చూసింది.
"మా గుడ్డి మేక నయం."

కింద చెరువంతా సర్కారు కంప.
అది నడవలేదు, ఎక్కి వచ్చింది.
తీపి కాయ తిన్న ప్రతి మేక కడుపులో
టికెట్టు లేకుండా ప్రయాణం చేసి
దిగిన చోటల్లా ఊరు కట్టింది.
"నా మేకలే దాన్ని మోసినాయి,
నా మేకలే దీన్ని మేసినాయి" అంది మారెక్క,
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
పులుసులో ఉప్పెక్కువైందని చెప్పినట్టు.

వాళ్ల నాయన ఈ నారతోనే
కపిల మోకులు పేనేవాడట.
నానేకొద్దీ బిగిసే మోకు.
ఇప్పుడు బావిలో చెత్త,
బోరు ఏడువందల అడుగులు.
అంత పొడుగు మోకు ఏ చెట్టూ ఇవ్వలేదు,
అందుకే నరకడం మానేశారు.

మధ్యాహ్నం గడ్డపార పట్టి
జానెడు మొక్కనొకదాన్ని తవ్వాం.
ఆకులు జోడుజోడుగా, మేక గిట్టల్లా.
మూర లోతు. వేరు ఇంకా ఉంది.
రెండు మూరలు. గుండురాయి అడ్డమొచ్చింది.
వేరు పక్కకు తిరగలేదు,
సూది బెజ్జంలో దారంలా
రాతి పగుల్లోకి దూరింది.
మారెక్క భుజం దాకా చెయ్యి గుంతలో పెట్టి
"ఇంగా పోతాండాది" అంది.
కాండం మొదట్లో ముడులు:
ప్రతి ఎండకూ పైన చచ్చి
ప్రతి వానకూ మళ్లీ మొదలైన గుర్తులు.
లెక్కపెడితే తొమ్మిది.
తొమ్మిదేళ్ల మొక్క, నా బొటనవేలంత లావు లేదు.
దాన్ని తవ్వి చంపింది మేమే.
ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

గుట్ట నెత్తిన గాలిమరలు.
వాటి కోసం కొండను కోసి వేసిన మట్టిరోడ్డు.
ఎక్కేటప్పుడు గాయమొక్కటే కనపడుతుందనుకున్నా.
పగిలిన రాళ్ల కట్టమీద, ఉత్తరపు వాలులో
పదిహేడు నారేపి మొక్కలు,
తల్లిచెట్టుకు మూడువందల మీటర్ల పైన.
ఏ గాలి తెచ్చింది వీటిని?
మరల రెక్కలు మోసిన పొడుగాటి లారీల
వెనక లేచిన దుమ్మా?
టైరు పళ్లలో ఇరుక్కున్నాయా?
ఒంటిరెక్కదానికి మూడురెక్కలది
లిఫ్టు ఇచ్చిందేమో. సాక్ష్యం లేదు.

అక్కడ కాపలా ఉండే ఉసేనప్ప
ఒక మొక్క చుట్టూ కంప నాటి ఉంచాడు.
సర్కారు కంపే.
"ముళ్లు దానివి బాగుంటాయి సార్."
ఇదేం చెట్టో తెలుసా అంటే
"తెలీదు. ఆకు జోడుగా ఉంది,
ఉండనీలే అనుకున్నా."

దారం చుట్టేసి పుస్తకం తీశాను.
ఎత్తు: పదకొండు సెంటీమీటర్లు.
దూరం: మూడువందల ఆరు మీటర్లు.
తెచ్చినది: అక్కడ కాసేపు పెన్ను ఆగింది.
ఆలోగా మారెక్క గుడ్డి మేక
వాసన పట్టి వచ్చి
కంప సందులో మూతి దూర్చింది.
ముల్లు గుచ్చుకుని వెనక్కి తీసింది.
మళ్లీ దూర్చింది.