చార్జి అప్పగింత

స్టాకు రిజిస్టరు నా ముందుకు జరిపి
"లెక్క చూస్కో తల్లీ, మళ్ల నన్ను అడగొద్దు"
అన్నాడు ఇన్నయ్య సారు.

ఫుట్‌బాళ్లు పద్నాలుగు. గాలి నిలిచేవి ఐదు.
వలలు రెండు, ఒకదాంట్లో
ఎలుకలు ఎప్పుడో గోలు కొట్టేశాయి.
జావెలిన్లు మూడు.
డిస్కస్ ఒకటి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

పాత పేజీల్లో ఎర్ర సిరా:
'డెబ్బై ఆరు, ఇంటర్ కాలేజి ఫైనల్.
పోయిన బంతి ఒకటి. బాధ్యుడు: ఇన్నయ్య, బి.ఎ. రెండో సంవత్సరం.'

పొద్దుటి పాసింజర్లో బొల్లారం నుంచి
బూట్లు మెడలో వేలాడేసుకుని దిగేవాడట.
నాయన మిలిటరీ డైరీలో పాలు పిండేవాడు;
క్యాను అడుగున మిగిలిందే కొడుక్కి బలం.
ఆడేది ఎడమ కాలు.
కుడికాలు నిలబడడానికే దేవుడిచ్చాడనేవాడు.

ఆ రోజు వాన.
తోలుబంతి నీళ్లు తాగి పుచ్చకాయ బరువైంది.
ఆఖరి నిమిషం, పెనాల్టీ,
దక్షిణం వైపు గోలు.
బంతి కడ్డీ మీంచి, ప్రహరీ మీంచి
పక్క గల్లీ పెళ్లి షామియానాలో పడింది.
వెతకడానికి పోయినవాళ్లకి భోజనం పెట్టి పంపారు,
బంతి మాత్రం ఇవ్వలేదు.

తర్వాత పోలీసు టీము రమ్మంది,
మోకాలు వద్దంది.
దినకూలి కోచ్‌గా ఇదే మట్టిలోకి వచ్చాడు.
చెప్పులూ గులకరాళ్లూ పేర్చి ఆట చెప్పేవాడు:
"అప్పిచ్చినోడు గల్లీ మలుపు తిరగకముందే
కనిపెడ్తవు గద, బంతిని గట్ల కనిపెట్టు!"

నాకప్పుడు పదిహేడు. ఆడపిల్లల టీము లేదు.
"నీ చేతులు పెద్దగున్నయి, గోల్ల నిలబడు" అన్నాడు.
అప్పటిదాకా మా ఇంట్లో
ఈ చేతుల గురించి మంచిమాట అన్నవాళ్లు లేరు.

ఫిజికల్ డైరెక్టరయ్యాక
మొదటి జీతంలోంచి నలభై రూపాయలు కట్టి
ఆ ఎర్ర సిరా పక్కన రసీదు అతికించాడు.
గమ్ము పసుపెక్కింది, ఇంకా ఊడలేదు.

ఒకసారి ఎవరో పెద్దాయన
మిఠాయి డబ్బాతో, మేనల్లుడితో వచ్చాడు.
"కబడ్డీ ఆడాడని ఒక్క ముక్క రాయండి."
సారు కుర్రాణ్ణి ఎండలోకి తీసుకుపోయి
"ఒక్క కూత పెట్టు నాయనా" అన్నాడు.
కూత రాలేదు. సర్టిఫికెట్టూ రాలేదు.
మర్నాడు ఐదున్నరకి ఆ పిల్లాడే
గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, ఒంటరిగా,
మిఠాయి డబ్బా లేకుండా.

సారు దేవుడేం కాదు.
దక్షిణం గోలు పీకి కార్ల పార్కింగు చేస్తామంటే
సంతకం పెట్టాడు.
"కొత్త నెట్లు కొనిస్తమన్నరే" అన్నాడు నాతో, నేల చూస్తూ.
నెట్లు రాలేదు.
అప్పట్నుంచి పిల్లలు ఒకే గోలుకి ఆడుతున్నారు,
పైకి ఉరకడం వచ్చు,
వెనక్కి రావడం ఎవరికీ రాదు.
రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు నేను.
ఇవాళ కూడా అడగాలనుకున్నా.
తాళాల గుత్తి చేతిలో పెడుతుంటే
ఆయన వేళ్లు వణికాయి. అడగలేదు.

"విజిలో సారూ?"
"పోయిందని రాయి."
చొక్కా లోపల దారం కనబడుతూనే ఉంది.
పోయిందనే రాశాను.

కిటికీలోంచి చూస్తున్నా.
స్కూటర్ దగ్గరికి పోవాల్సినవాడు
కార్ల మధ్యకి పోయి,
తెల్ల కారుకీ నీలం కారుకీ నడుమ ఆగి,
అడుగులు కొలుస్తున్నాడు, పన్నెండు.
వంగి ఒక గులకరాయి సర్దాడు.
మూడడుగులు వెనక్కి.
ఎడమ కాలు.

ఏదో కారు గొల్లుమంది.
వాచ్‌మన్ కొత్తవాడు,
"ఓ పెద్దమనిషీ, ఏం పని ఈడ?" అని ఉరికొచ్చాడు.

నేను తేదీ వేసి సంతకం పెట్టాను.
ఫుట్‌బాళ్లు పద్నాలుగు.