అలల బేరం

వూచ్ అంటే పోలిష్‌లో పడవ.
పడవ అనే ఈ ఊళ్లో నదులు
రోడ్ల కింద గొట్టాల్లో పారతాయి.
సముద్రం చూడాలంటే రైల్లో ఒక పూట.
నేనిక్కడ అలలు అమ్ముతాను.

నవ్వకండి. రసీదులో అలాగే రాస్తాం:
అలల పంపు, ఒకటి.
తడిస్తే వాపసు లేదు.

జనవరిలో ఒక పొద్దున
బూట్ల మంచు పట్టా మీద దులుపుకుని
జెనోన్ గ్జెలాక్ లోపలికొచ్చాడు.
నలభై ఏళ్లు నేతమిల్లులో మెకానిక్కు.
ఆ మిల్లిప్పుడు ఫ్లాట్లయింది.
తను మగ్గం కింద దూరి పడుకున్న చోట
ఎవరో మంచం వేసుకున్నారట.
ఆ మాట ఎందుకు చెప్పాడో తెలీదు,
వెంటనే, "పంపు పోయింది" అన్నాడు.

ఉన్నవాటిలో పెద్దది తీశాను.
గంటకి ఇరవై వేల లీటర్లు,
ఫోన్లో నొక్కితే తుపాను, నొక్కితే పున్నమి పోటు.
"నా తొట్టిలో మూడొందల లీటర్లమ్మాయ్,
చిలికి వెన్న తియ్యాలా?"

డబ్బా మీది అంకెలు చూడలేదు.
ఇరుసు పింగాణీదా, స్టీలుదా అనడిగాడు.
ఉప్పుకి మొహమాటం లేదు, స్టీలుని తినేస్తుందన్నాడు.
రెక్క విరిగితే రెక్కొక్కటే అమ్ముతారా,
మొత్తం మళ్లీ కొనమంటారా?
రాత్రి తీగజెల్లి నడుచుకుంటూ వచ్చి
జాలీలో వేలు పెడితే?
మూడో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

బకెట్లో నీళ్లు పట్టించాడు.
కోటు జేబులోంచి కర్రపిడి స్క్రూడ్రైవరు తీసి
మొన పంపు మీద, పిడి చెవిలో,
కళ్లు మూసుకున్నాడు.
"ఇది గొంతు సవరించుకుంటోంది.
ఏడాదికి దగ్గవుతుంది."
రెండోది. మూడోది. అయిదోది.
వెనక గోల్డ్‌ఫిష్ కోసం వచ్చిన పిల్లాడు
వాళ్లమ్మ సంచీ మీద నిద్రపోయాడు.

"రాత్రి ఏ వేళప్పుడు ఆగిందో.
లేచేసరికి నీళ్లు అద్దంలా ఉన్నాయి.
అంత అందంగా ఎన్నడూ లేవు.
అప్పుడు భయమేసింది.
చేపలు రెండూ పైకొచ్చి
గాలి కొరుకుతున్నాయి.
సూపు గరిటె తీసుకుని తిప్పుతూ కూర్చున్నా,
నువ్వు షట్టరెత్తేదాకా."

"మరి ఇప్పుడో?"

"ఎదురింటి బోగుమీవా తిప్పుతోంది.
నూలు వడికిన చెయ్యి, అంత తొందరగా అలవదు."

గంటన్నర!
నా గుండె గొంతులోకొచ్చింది,
ఏదో ఒకటి పట్టుకెళ్లండి మహాప్రభో అన్నాను.
"ఏదో ఒకటి అని కొన్న బేరింగుకే
డెబ్బై ఎనిమిదిలో రెండో షెడ్డు
మూడ్రోజులు పడుకుంది."

చివరికి కొన్నది రెండు చిన్నవి.
ఖరీదైనవి కావు, ఒక కంపెనీవీ కావు.
"కవలలైతే ఒకే జబ్బుతో పోతాయి."
ఒకటి ఈ గోడకి, ఒకటి ఆ గోడకి,
ఎదురెదురుగా పెడితే ప్రవాహాలు గుద్దుకుని
ఎటు పోవాలో తెలీక తిరుగుతాయట.
పగడాలకి కావాల్సిందదే.
రెండూ ఒకే ప్లగ్గుకి పెట్టనన్నాడు.
ఒకదానికి బ్యాటరీ, కరెంటు పోయిన రాత్రికి.
నెలనెలా వెనిగర్‌లో నానబెడతానని
అడక్కుండానే మాటిచ్చాడు,
నాకు కాదు, చేతిలోని పంపుకి.

చిల్లర లెక్కపెట్టుకుని వెళ్లాడు.
స్క్రూడ్రైవరు బకెట్ పక్కనే మర్చిపోయాడు.

రేపిద్దామని జేబులో వేసుకున్నాను.
ఇంటికెళ్తుంటే, ట్రాము స్టాపు దగ్గర
మంచు కరిగి, ఇనప మూత ఒకటి నల్లగా కనబడింది.
అటూ ఇటూ చూశాను.
మోకాళ్ల మీద వంగి
మొన ఇనుము మీద, పిడి చెవిలో.

ట్రాము వచ్చింది, వెళ్లిపోయింది.
కింద, చాలా కింద,
నది.
బేరింగు బాగానే ఉంది.