రెండడుగుల చూరు

ఈ ఊళ్లో సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు.
ఆరేళ్లయినా నా చెయ్యి నమ్మదు,
కాగితం పరిచిన ప్రతిసారీ
ముందు దక్షిణం వైపే చూరు గీసేస్తుంది,
తర్వాత రబ్బరు వెతుక్కుంటుంది.

కాసిల్‌మెయిన్ శివార్లలో, ఎర్రమట్టి వాలు మీద
మేవిస్ ట్రెగేర్‌కి రెండు గదుల ఇల్లు.
డెబ్బై దాటింది, ముప్పై ఏళ్లు టపా వ్యాను నడిపింది.
"ఏసీ పెట్టనుగాక పెట్టను," అంది మొదటి మాటగానే,
"కరెంటోళ్లకి కట్టింది చాలు."

సరేనని లెక్కలు కట్టాను.
డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు డెబ్బై ఆరు డిగ్రీలు,
జూన్‌లో ఇరవై తొమ్మిది, నడుం వంగిపోయి.
రెండడుగుల చూరు చాలు:
వేసవి గుమ్మం బయటే ఆగిపోతుంది,
చలికాలపు ఎండ చాప పరుచుకుంటూ
వెనక గోడ దాకా వస్తుంది.
గోడలు మూరెడు మందం, ఆ స్థలంలో తవ్విన మట్టే.
నేలకి, పడగొట్టిన ఉన్నిమిల్లు ఇటుకలు;
ఒకదాని మీద ఎవరిదో బొటనవేలి ముద్ర.

గర్వంగానే చూపించాను.
ఆవిడ కళ్లజోడు సర్దుకుని అడిగింది,
"మరి మార్చి?"

మార్చి.
సెప్టెంబరూ మార్చీ ఆకాశంలో కవలలు,
ఒకటే ఎత్తు, ఒకటే నీడ.
కానీ సెప్టెంబరులో నేల ఇంకా వణుకుతుంటుంది,
మార్చిలో, పెనం దించినా చల్లారని పొయ్యి.
ఒకదానికి ఎండ కావాలి, ఇంకోదానికి వద్దు.
చూరుకి ఆ తేడా ఎవరు చెప్పాలి?

మూడు రాత్రులు ఆ చూరే పట్టుకు వేలాడాను.
పెంచితే సెప్టెంబరు గడ్డకడుతుంది,
తగ్గిస్తే మార్చి మాడుతుంది.
కదిలే రెక్కలు, మోటార్లు, సెన్సార్లు...
ధర రాసి, నేనే కొట్టేశాను.

నాలుగోనాడు మేవిస్ వచ్చింది
తడిగోనెలో చుట్టిన పుల్ల ఒకటి పట్టుకుని.
"ద్రాక్ష. మార్చిలో దీనికి ఆకుంటుంది,
సెప్టెంబరులో ఉండదు.
దీన్ని దేనిమీద పాకిస్తావో అది గీయి."

చూరు అంచునుంచి ఉక్కు తీగలు లాగాను.
ఉక్కుదీ తీగే, ద్రాక్షదీ తీగే మా భాషలో అంటే
నవ్వింది, మళ్లీ మళ్లీ పలికించుకుంది.
కౌన్సిల్ ఫారంలో "నీడకు వాడిన పదార్థం" దగ్గర
చాలాసేపు ఆగి, "ఆకు" అని రాశాను.
"నిర్వహణ" దగ్గర: "జులైలో కత్తిరించాలి."

కమ్ముకోవడానికి మూడేళ్లు పడుతుందట.
అప్పటిదాకా మార్చి వస్తే
మేవిస్ ఆ తీగల మీద పాత దుప్పటి ఆరేస్తుంది,
ఆరిపోయాక కూడా తియ్యదు.