తలుపు లేని నంబరు

నేలపూడి వరహాలమ్మ.
ఇంటిపేరులో తప్ప ఎక్కడా నేల లేదు ఆమెకి.
తాసీల్దారాఫీసులో ఇన్‌వార్డు గుమాస్తాని నేను.
పదకొండేళ్లలో పదిహేడు సార్లు
అదే అర్జీని కొత్త అర్జీలా పుచ్చుకుని
ముద్ర వేసిన చెయ్యి ఇదే.

జువ్విలంకలో మూడు సెంట్లుండేది.
అరటితోట దాటాక, ఏటి వైపు చివరిల్లు.
గోదారి ముందు అరటితోట తింది,
తర్వాత పశువులపాక,
ఒక శ్రావణంలో, పట్టపగలు,
ఎసట్లో బియ్యం పోసిన కాసేపటికి వంటిల్లు.
పట్టా మాత్రం తడవలేదు.
ట్రంకుపెట్టెలో, చర్చి కేలండరు మడతలో
పొడిపొడిగా ఉంది ఇప్పటికీ.

అప్పట్నుంచి కాలవగట్టు మీద
నీలం టార్పాలిను కింద కాపురం.
గట్టు మాది, లెమ్మంటుంది ఇరిగేషను.
పట్టా ఉన్నదానికి రెండో పట్టా ఎలా ఇస్తామంటుంది రెవెన్యూ.
ఇద్దామనే ఉంది గానీ ఊళ్లో జానెడు జాగా లేదని
పంచాయతీ తల గోక్కుంటుంది.
ఇక ఢిల్లీ జాబితాలో ఆమెకి ఇల్లుంది.
ఎప్పుడో ఎవరో కుర్రాడు ఫోనుతో ఫొటో తీసి
అక్షాంశం రేఖాంశం అంటించి పోయాడు.
ఆ చుక్క దగ్గర ఇప్పుడు
పులస వలలు వేస్తున్నారు.

ఎవరూ అబద్ధమాడలేదు. నన్ను తొలిచేది అదే.
ప్రతి కాగితమూ నిజమే చెప్పింది,
దారం వేసి బిగించేసరికి ఫైలు అబద్ధమైంది.

మొన్నటి వరదలో
ధవళేశ్వరం నుంచి రెండో హెచ్చరిక వచ్చిన రాత్రి
చూడాలి మా గవర్నమెంటుని!
పడవల వాళ్లు, పాలప్యాకెట్ల వాళ్లు, కరెంటు వాళ్లు,
ఎక్కడి నుంచో వచ్చిన నారింజరంగు చొక్కాల వాళ్లు,
అందరికీ ఒకటే గట్టు, ఒకటే టార్చిలైటు.
ఇసకబస్తా చేతులు మారుతుంటే
ఏ చెయ్యి కేంద్రానిదో, ఏది రాష్ట్రానిదో,
ఏది సర్పంచి బావమరిదిదో
బస్తా అడగలేదు.

నాలుగో రోజుకి నీరు తీసింది.
నీటితో పాటే శాఖలూ తీశాయి,
ఎవరి కాలవలోకి వాళ్లు.

గట్టు ఆరకముందే సబ్‌కలెక్టరు, చిన్నపిల్ల,
మీటింగు ఇక్కడే అంది.
టెంటుహౌసు కుర్చీలు బురదలోకి దిగబడ్డాయి.
వరహాలమ్మ అందరికీ టీ ఇచ్చింది,
ఆక్రమణదారు హోదాలో.
ఒంటిగంట దాకా ఎవరి రూలు వాళ్లు చదివారు.
అప్పుడు, వెనకాల గొడుగు పట్టుకు నిలబడ్డ
లస్కరు గుత్తుల గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.
"లాకుల కాడ కంకరదిబ్బుందండి.
తెల్లోడి కాలంలో రాయి పోసిన చోటు.
డెబ్బై సెంట్లుంటాదండి, ఏ వరదకీ మునగలేదు.
ఎవరూ అడగలేదని చెప్పలేదండి."

సర్వేయరు గొలుసు కోసం బండి మీద ఉరికాడు.

తొమ్మిది సంతకాలు కావాలి. ఎనిమిది పడ్డాయి.
తొమ్మిదోది ఢిల్లీలో ఉంది,
నీళ్లలో ఉన్న ఆ చుక్కని చెరిపే సంతకం.
అది చెరిగితే గానీ ఇటుకకి డబ్బు పడదు.
సోమవారం సోమవారం ఫోను చేస్తాను.
అవతలాయన మర్యాదస్తుడే.
ఊళ్లో కొంత నది పట్టుకుపోవడాన్ని
ఏ గడిలో రాయాలో తెలీదన్నాడు.
నాకూ తెలీదు.

పంచాయతీ సెక్రటరీ ఆగలేదు.
4-117/బి, కంకరదిబ్బ, అని డోర్‌నంబరు వేసేశాడు.
గోడ లేదు, గుమ్మం లేదు,
ఎక్కడ రాయాలో తెలీక కుంచె పట్టుకుని
పెయింటరు నిలబడిపోతే
వరహాలమ్మ ట్రంకుపెట్టె ముందుకు తోసింది.

ఇప్పుడు గట్టు మీద టార్పాలిను కింద
ఎర్రంకెలతో ఒక పెట్టె.
నిన్న పోస్టుమాను సైకిలు దిగి
దాని మీద ఒక కవరు పెట్టి వెళ్లాడట.
తన పేర, తన నంబరుకి, మొట్టమొదటి ఉత్తరం.
మా ఆఫీసుదే.
నివాస ధ్రువపత్రం జతచేయవలెనని.

ముద్ర నాదే.