అగ్గిపుల్లంత కండ

పొద్దున ఆరున్నరకి ఆస్పత్రి నుంచి వచ్చింది,
మంచుముక్కల మధ్య చిన్న సీసాలో.
సిజేరియన్ కోత అంచున తీసిన గోరంత గర్భసంచి.
కూడా ఒక కాగితం, ఆ తల్లి సంతకం.
చెయ్యి వణికినట్టుంది,
చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది.
పేరు నాకు చెప్పరు. నంబరు నలభై ఒకటి.

పోగుల వెంట చీలుస్తాను,
అగ్గిపుల్లంత.
ఒక కొసకి పట్టుదారం, ఇంకో కొసకి కొక్కెం.
ఒంటి వేడంత వేడి ఉప్పునీళ్ళలో వేలాడదీసి
టీ పెట్టుకుంటాను.
కిటికీ అవతల టే నది, రైలు వంతెన,
డండీ ఊరి ముసురు.

గంట. గంటన్నర. ఉలుకూ పలుకూ లేదు.
అప్పుడు తెర మీద గీత
నిద్రలో ఎవరో దుప్పటి లాక్కున్నట్టు
కాస్త లేచి, పడుకుంటుంది.
ఐదు నిమిషాలకి మళ్ళీ. ఈసారి కొండంత.
తల్లి లేదు, బిడ్డ లేదు,
ఇప్పుడు బిగుసుకో అని చెప్పే నరం కూడా లేదు.
అయినా నొప్పులు పడుతోంది.
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా
ఈ ఘడియలో నాకు మాట రాదు.

"ఇష్బెల్, వెయ్యనా?" అంటాడు ఫిన్లే, కొత్త కుర్రాడు.
అడ్రినలిన్. ఒక్క చుక్క.
గీత సగం కొండలోంచి జారి నేలయిపోతుంది.
"చచ్చిపోయిందా?"
లేదు నాయనా. విన్నది.

మా అమ్మ జనపనార మిల్లులో నేతగత్తె.
మగ్గాల హోరులో చెవులకి పనుండదు,
పెదాలు చూసి మాట పోల్చుకునేవాళ్ళు.
నేను పుట్టిన రాత్రి మూడో అంతస్తు గదిలో
నొప్పులు ఒకదాన్నొకటి తరుముకొస్తున్నాయట.
డాక్టరొచ్చాడు. తడి కోటు విప్పలేదు.
గడియారం తీసి అరచేతిలో పెట్టుకుని
గుమ్మంలో నిలబడ్డాడు.
అంతే.
రెండు గంటలు ఒక్క నొప్పి లేదు.
అతను పట్టకార్ల సంచి తెరవబోతుంటే
పక్కింటి విలమీనా చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయి
సూప్ పోసి కూర్చోబెట్టింది.
తలుపు మూసింది. దీపం తగ్గించింది.
అమ్మ నడుం మీద అరచెయ్యి ఆనించి
ఊరుకుంది.
గిన్నె ఖాళీ కాకముందే నేను.

"ఒళ్ళు దొంగది కాదే,
వినికిడి ఎక్కువ దానికి" అనేది అమ్మ.

కొండల్లో ఎర్రజింక ఈనబోతూ
కుక్క మొరుగు వింటే లేచి పోతుందట,
ఇంకో లోయ వెతుక్కుంటుందట.
దాన్నెవరూ ఏమిటీ ఆలస్యం అనరు.

"అయితే ఈ చుక్క చెడ్డదేగా?"
తొందరపడకు ఫిన్లే.
బిడ్డ తల గుమ్మంలోకి వచ్చాక
ఇదే చుక్క ఇంకో గొంతుతో పిలుస్తుంది.
అప్పటిదాకా చాతకాదని ఏడ్చిన మనిషి
మంచం కోళ్ళు పట్టుకుని లేచి కూర్చుంటుంది.
ఏ తలుపు తట్టింది, ఎప్పుడు తట్టింది,
అదీ సంగతి.

నెలల తరబడి నానిన దిగులు వేరు.
అద్దె బాకీ, రాని ఫోను, అరిచే మొగుడు,
అవన్నీ కార్టిజాల్ అయి నెత్తుట్లో తిరుగుతాయి.
మావిలో ఒక గడియారం ఉందంటారు,
దాని ముల్లుని ఆ దిగులు ముందుకి తోస్తుందా లేదా అని
పై అంతస్తు వాళ్ళు వాదించుకుంటారు.
నాకు తెలీదు. నేను దారం కట్టే మనిషిని.

నీళ్ళు మారుస్తాను. మూడుసార్లు కడుగుతాను.
ఈలోగా నలభై ఒకటి కాగితం మళ్ళీ చూశాను.
కోతకి కారణం: నొప్పులు సాగలేదు.
గుమ్మంలో ఎవరు నిలబడ్డారో
రాసే గడి అందులో లేదు.

టీ చల్లారింది.
ఫిన్లే ఏదో అడగబోయి, ఎందుకో
గొంతు బాగా తగ్గించాడు.
గాజు గొట్టానికి చెవుల్లేవని
వాడికీ తెలుసు.

గీత కొంచెం లేచింది.